మేత వేసేవాడికే చెప్పాలి

"రేపు ఆయన ముందర నువ్వు నోరు తెరవొద్దమ్మా. నీకు దండం పెడత."

"తెరుస్త. నా నోరు, నా ఎద్దు."

"నీ ఎద్దైతే మరి నేనెవణ్ణి?"

"నువ్వు అమ్మేటోనివి. నేను మేపినదాన్ని."

"కన్ను సంగతి చెప్తే ఎవడు కొంటడు? తెలిసి తెలిసి గుడ్డెద్దును ఎవడన్న పట్కపోతడా?"

"తెల్వకుంట పట్కపోతే ఏ బావిల పడేస్తడో! అది గుడ్డి గాదురా, ఒక్క కన్ను మసక. నీకు రెండు కండ్లు మంచిగనే ఉన్నయి గద, నీకేం కనవడుతుంది?"

పోయిన వారం పొద్దుగూకే వేళ మా వాకిట్లో నాకూ నా కొడుకు వెంకటేశుకూ జరిగిన పంచాయితీ ఇది. మా ఊరు పెబ్బేరుకు దగ్గర. ఉన్న ఒక్క జత ఎద్దులను అమ్మేయాలని ఇద్దరమూ అనుకున్నదే, అందులో గొడవ లేదు. దుక్కికి ట్రాక్టరు వచ్చిన తర్వాత, పని లేని నోళ్ళకు జొన్న చొప్ప వేస్తూ కూర్చునే మనిషిని కాను నేను. అగ్గిపుల్ల గీసే ముందు పక్కింటి పొయ్యిలో నిప్పు ఉందేమో చూసి వచ్చే రకం. పైగా మోకాళ్ళు వంగడం లేదు. వడ్డేపల్లి దిక్కు నుంచి ఒక రైతు వచ్చి ఎద్దులను చూశాడు, బేరం కుదిరింది, మర్నాడు పొద్దున తోలుకుపోతానన్నాడు. ఆయన వచ్చిన రోజు నేను మోకాళ్ళ నొప్పులకని వనపర్తి దవాఖానకు పోయాను. మైలోడి కుడి కన్ను మసక అని ఆయన గమనించలేదు. మావాడు చెప్పలేదు.

మైలోడు అంటే ఆ జతలో బూడిద రంగు ఎద్దు. రెండోది పుల్లోడు. చిన్నప్పుడు చొప్పకట్ట మొన గుచ్చుకొని మైలోడి కంటికి పొర వచ్చింది. అప్పటినుంచి దాన్ని ఎప్పుడూ దాపటే, అంటే కాడికి ఎడమ పక్కనే కడతాం. అప్పుడు మసక కన్ను జోడెద్దు వైపు ఉంటుంది, మంచి కన్ను బయటికి చూస్తుంది. ఇది తెలిసినవాడి దగ్గర దానికి ఏ లోటూ లేదు. తెలియనివాడు పక్కలు మార్చి కట్టాడంటే మాత్రం దానికి గట్టు కనపడదు, బావి కనపడదు. దాని వెనక నడిచే మనిషికి ఏమవుతుందో చెప్పనక్కర లేదు.

మాట మాట పెరిగేసరికి నేను లేచి కొట్టంలోకి పోయాను. తడిసిన చొప్ప వాసన, ఎద్దు మెడ మీది చెమట వాసన, అడుగున మెత్తగా పేడ వాసన. మైలోడు మసక కన్ను నా వైపు పెట్టి నిలబడి ఉంది. నాకు తెలియకుండానే నా పెదవులు ముడుచుకుని సన్నగా ఒక ఈల వచ్చింది. ముందు కొంచెం పైకి పోయి, తర్వాత కిందికి దిగే ఈల. మైలోడు చెవి తిప్పి, నేనే అని తెలుసుకొని, తల వంచింది. వాకిట్లో ఉన్న వెంకటేశు కోపంలోనూ నవ్వాడు. "ముసల్దానివి, ఈలలేందే అమ్మా!"

ఆ ఈల నాది కాదు. సాయిసు తాతది. ఇంకా చెప్పాలంటే తాతది కూడా కాదు.

సాయిసు అంటే గుర్రాలకు మేత వేసి, మాలీసు చేసి, లాయం ఊడ్చే మనిషి. తాత అసలు పేరు బాలస్వామి. మల్దకల్ దగ్గర మా పుట్టింటి ఊళ్ళో మా ఇంటికి ఎదురుగా ఒక్క గుంజ మీద నిలిచిన నిట్టాడి గుడిసెలో ఉండేవాడు. నాకు ఊహ తెలిసేసరికే ముసలివాడు. ఊళ్ళో గుర్రం అన్నదే లేదు, అయినా పేరు మాత్రం సాయిసే. వయసులో ఉన్నప్పుడు నిజాం నవాబు రిసాలా వెంట, అంటే గుర్రపు పటాలం వెంట, ఓడ ఎక్కి మొదటి పెద్ద లడాయికి పోయివచ్చాడట. గుండీలు మూడు రంగులుగా మారిపోయిన ఖాకీ కోటు ఒకటి ఉండేది. అది వేసుకొని కిత్తనారతో తాళ్ళు పేనుతూ వాకిట్లో కూర్చునేవాడు. చిన్న తాడు ముక్క దొరికినా పారేసేవాడు కాదు, విప్పి మళ్ళీ పేనేవాడు. నా పిసినారితనం మీద నా కోడళ్ళు చెప్పుకొనే కథలన్నిటికీ మొదలు ఆ వాకిలే.

మూడో తరగతి కాగానే మా నాయన నన్ను బడి మాన్పించి బర్రెను అప్పజెప్పాడు. మొదటి రోజే అది తన్నింది. నేను ఏడుస్తూ రాయి తీసుకున్నాను. తాత తాడు పేనడం ఆపకుండానే అడిగాడు:

"ఏం పిల్లా, ఎనక నుంచి ఎవడన్న వచ్చి గబుక్కున ముట్టుకుంటే నువ్వు తన్నవా?"

"తన్నుత!"

"అది గూడ గంతే. సప్పుడు చేసి పో. నేనొస్తున్న అని చెప్పి పో."

"బర్రెకు మాటలొస్తయా?"

"నీకొస్తయి గద."

తర్వాత ఆ ఈల నేర్పాడు. మా అమ్మ విని, మొగపిల్లల తీరు ఈలలేంది అని వీపు మీద రెండు వేసింది. అయినా బర్రె దగ్గర వేయడం మానలేదు, అది మళ్ళీ తన్నలేదు. తాత మాత్రం బర్రెకే కాదు, ఎవరింటి వాకిట్లో అడుగు పెట్టినా ముందు ఆ ఈల వేసేవాడు. లోపల ఆడవాళ్ళు కొంగు సర్దుకునేవాళ్ళు. అప్పు మాట్లాడుకుంటున్నవాళ్ళు మాట మార్చేవాళ్ళు. ఎవరినీ ఉలిక్కిపడనివ్వకుండా దగ్గరికి పోవడం అనే మర్యాద ఒకటి ఉందని నాకు తెలిసింది ఆయన వల్లే.

ఆయన చూసి వచ్చిన దేశం యెరూషలేము దిక్కు అని ఊళ్ళో అందరికీ తెలుసు. ఒక ఆదివారం పాదిరిగారు ఆయనను గుడిలో నిలబెట్టి, "ప్రభువు నడిచిన నేలను కళ్ళారా చూసిన మనిషి, నాలుగు మాటలు చెప్తాడు" అన్నారు. జనం చేతులు కట్టుకొని విన్నారు. తాత గొంతు సవరించుకొని, "ఆడ నీళ్ళు శానా తక్కువ. ఉన్నయన్న బాయిలు శానా లోతు. గుర్రాలకు తాపనీకి మా పాణాలు పోయినయి" అని కూర్చున్నాడు. అంతే. పాదిరిగారు కాసేపు చూసి పాట ఎత్తుకున్నారు. నాకు మాత్రం ఆయన అంత కంటే ఎక్కువే చెప్పాడు. సాయంత్రాలు బర్రెను కట్టేసి ఆయన ఎదురుగా కూర్చొని నార చిక్కు తీసేదాన్ని. చెయ్యి ఆడుతుంటేనే ఆయనకు మాట వచ్చేది.

ఆయన ఎక్కువగా చెప్పింది మన రిసాలా గురించి కాదు, ఒక తెల్లవాళ్ళ గుర్రపు పటాలం గురించి. "వాండ్లు జీతానికి సిపాయిగిరి చేసేటోళ్ళు గాదు బిడ్డా. వాండ్ల దేశంల కాపోళ్ళు, సేద్యం చేసుకునేటోళ్ళు. లడాయి వచ్చిందంటే మేం గూడ వస్తమని వాండ్లంతట వాండ్లే పేర్లిచ్చి, శానామంది సొంత గుర్రాలెక్కి వచ్చినోళ్ళు. ఓడ దిగుతనే మబ్బు దిక్కు చూసేటోళ్ళు, వాన వస్తదా అని. ఆ ఇసుకల వాన యాడిది! మనోళ్ళ తీర్గనే అనుకున్న" అనేవాడు.

ఆ పటాలానికి జరిగింది ఆయన చెప్పగా నాకు అర్థమైనంత వరకు ఇదీ. ముందు వాళ్ళను మిసర్ దేశంలో దింపారు. ఇప్పుడు ఈజిప్టు అంటున్నారు కదా, అదే. అక్కడ కొన్నాళ్ళు ఉంచి, గుర్రాలు ఇక్కడే వదలండి, మీరు నడిచి కొట్లాడాలి అని ఇంకో సముద్రపు ఒడ్డుకు తీసుకుపోయారు. అంతా గుట్టలు. పుట్టినప్పటినుంచి గుర్రం మీద తిరిగినవాళ్ళు ఆ గుట్టలెక్కుతూ గుండ్లకూ రోగాలకూ సగం మంది పోయారు. మిగిలినవాళ్ళు తిరిగి వచ్చేసరికి వాళ్ళ గుర్రాలు కొన్ని ఉన్నాయి, కొన్ని వేరేవాళ్ళకు పోయాయి. పాత పటాలం విడిపోయింది. ఈ ఊరివాళ్ళలో మిగిలినవాళ్ళను ఆ ఊరివాళ్ళతో కలిపి, ఒకడి జీను ఇంకొకడి గుర్రానికి వేసి, మళ్ళీ కొత్త పటాలం కట్టారు. దానితోనే ఇసుక దాటి యెరూషలేము దాకా పోయారు. అంతా అయిందనుకునేసరికి మళ్ళీ హుకుం. ఫ్రాన్సులో మనుషులు చాలడం లేదు, మీలో కొందరు గుర్రాలు వదిలి అక్కడికి పోయి మరతుపాకులు పట్టుకోండి, మీ గుర్రాలను అక్కడినుంచి వస్తున్న మన దేశపు రిసాలాలకు అప్పగించండి అని. వచ్చినవాళ్ళకు సాయిసులు చాలక, ముందునుంచే అక్కడున్న తాత వంటివాళ్ళను గుర్రాలు అందుకోవడానికి పంపించారు.

"పటాలం అంటే ఏంది తాతా?" అని అడిగాను ఒకసారి.

"జెండా అంటరు, పేరు అంటరు. గదేం గాదు. ఎవని పక్కన ఎవడు నిలవడుతడో గదే పటాలం. వాండ్లను మూడుసార్లు విడగొట్టి మూడుసార్లు అతికిచ్చిండ్రు. మనిషిని అతకొచ్చు. గుర్రానికి ఎవడు చెప్తడు, ఎందుకు అతుకుతున్నరో?"

గుర్రాలు అప్పగించిన రోజు సంగతి ఆయన నాకు ఎన్నోసార్లు చెప్పాడు. ఎప్పుడు చెప్పినా తాడు పక్కన పెట్టి చెప్పేవాడు. ఒక సార్జంటు బల్ల వేసుకొని కూర్చున్నాడు. వచ్చిన ప్రతి గుర్రం పళ్ళు చూడడం, గిట్టలు చూడడం, అంకె రాయడం. పనికిరాదన్న గుర్రం ఎడమ పక్కకు పోతుంది. ఆ పక్కకు పోయినదానికి కాసేపటికి తుపాకీ చప్పుడే. సార్జంటు కన్ను దాటిన గుర్రాలను తెల్లవాళ్ళు ఒక్కొక్కరూ తెచ్చి మనవాళ్ళ చేతిలో పెడుతున్నారు. మెడ ఎర్రగా కాలిన ఒక మొండి ముఖం మనిషి ఎర్రటి ఆడగుర్రాన్ని తెచ్చి తాత ముందు నిలబెట్టాడు.

"నేనేం చేసిన? మన రివాజు ఏముందో గదే చేసిన" అనేవాడు తాత.

మన దిక్కు పశువును అమ్మినవాడు పలుపు ఇవ్వడు. కొన్నవాడే తన పలుపు తెచ్చుకొని కట్టి, పాతది విప్పి అమ్మినవాడి చేతిలో పెట్టి పోవాలి. పలుపు కూడా పోతే కొట్టం కళ పోతుందంటారు. పెబ్బేరు సంతలో ఇప్పటికీ చూడవచ్చు. తాత ఆ పద్ధతి ప్రకారమే గుర్రం తలకున్న తోలు పట్టెడ విప్పి, రెండు చేతులతో పట్టుకొని, మర్యాదగా ఆ తెల్ల మనిషి చేతిలో పెట్టాడు. నీ కళ నీ దగ్గరే ఉండనీ అని.

"వాని మొకం సున్నం కొట్టినట్టయింది బిడ్డా. నాకు సమజ్ కాలె. నా చెయ్యి పట్టుకొని గుర్రం ఎడమ కన్ను ముందర ఇట్ల ఊపిండు. అది రెప్ప కొట్టలె. వాని ఎడమ కన్ను వాడు మూసుకొని చూపిచ్చిండు. అప్పుడు తెలిసింది, దానికి ఆ కన్ను లేదు. సార్జంటు దిక్కు చూసి నోటి మీద ఏలు పెట్టుకున్నడు. మళ్ళ ఏలు కణతకు పెట్టుకొని, తుపాకీ, తుపాకీ అన్నట్టు. ఇగ టోపీ తీసి రొమ్ముకు పట్టుకొని నిలవడ్డడు."

పట్టెడ విప్పి ఇచ్చేసరికి ఈ నల్ల మనిషి నా గుర్రాన్ని వద్దంటున్నాడు, కన్ను సంగతి కనిపెట్టేశాడు, ఇక దాన్ని ఎడమ పక్కకు తోస్తారు అని ఆ తెల్ల మనిషి అనుకున్నాడు. కనిపెట్టనివాడికి తానే కన్ను చూపించాడు. తాతకు ఆయన మాట రాదు, ఆయనకు తాత మాట రాదు. తాత తల రుమాలు విప్పి, ఒక పీలిక చించి, గుర్రం మెడకు కట్టి రెండుసార్లు లాగి చూపించాడట. ఇది నాది, నేను తీసుకుంటున్నా అని. తోలు పట్టెడ ఉన్న ఆ మనిషి పిడికిలిని తన చేతులతో మూసి ఆయన గుండెకు ఆనించాడట. అది నీది, నువ్వు ఉంచుకో అని. ఆ మనిషి కాసేపు గుడ్లప్పగించి చూసి, అర్థమై, నవ్వుతూనే ఏడ్చాడట.

"అప్పుడు ఈల నేర్పిండు. గుర్రం ఎక్కేది ఎడమ పక్క నుంచే గద. దానికి ఆ పక్క కన్ను లేదాయె. సప్పుడు లేకుంట పోతే బెదురుతది. అందుకని ఈల. నాకు వస్తలేదు. ఉమ్మే వస్తుంది, ఈల వస్తలేదు! అందరు నవ్వబట్టిరి. వచ్చేదాక వాడు కదల్లె."

నేను చిన్నప్పటినుంచే కచ్చితం మనిషిని. అడిగాను: "సార్జంటుకు చెప్పినవా తాతా?"

"ఎందుకు చెప్త?"

"అబద్ధం గాదా?"

తాత నా వైపు తిరిగాడు. "దానిమీద ఎక్కే సవారుకు చెప్పిన. వాని పాణం దానిమీద గద. జోడు గుర్రాలు పోయేటప్పుడు దాన్ని కుడి పక్కకే పెట్టాలె, ఇంకోటి దానికి ఎడమ కన్ను తీర్గ ఉండాలె అని చెప్పిన. లెక్క రాసేటోనికి చెప్తే కొట్టేస్తడు బిడ్డా. మేత ఏసేటోనికి చెప్తే కాపాడుకుంటడు. మేత ఏసేటోనికి మాత్రం దాసిపెట్టొద్దు, ఎన్నడు దాసిపెట్టొద్దు."

ఆ ఆడగుర్రం లడాయి అయిపోయేదాకా బతికింది. మనుషులను ఓడలెక్కించారు, గుర్రాలను చాలావరకు ఎక్కించలేదు. తాత దాన్ని అక్కడే నీళ్ళ బండి తోలుకునే ఒకాయనకు అప్పజెప్పి వచ్చాడు. కన్ను చూపించి, ఈల వేసి, ఆయనకు వచ్చేదాకా ఆగి వచ్చాడు. "ఆయనకు ఒకటే మాటుకు వచ్చింది. నా అంత మొద్దు గాదు" అని నవ్వేవాడు. రుమాలు పీలిక ఏది తాతా అని అడిగితే, ఓడలో మూటకు కట్టుకున్నాననీ, చినిగిపోయిందనీ చెప్పాడు. దాచుకున్న వస్తువు ఒక్కటీ లేదు.

పెళ్ళై నేను ఈ ఊరికి వచ్చాను. ఇద్దరు పిల్లలు పుట్టాక నా పెనిమిటి మట్టి పనికి బొంబాయి పోయాడు. వానలు దగ్గర పడుతున్నాయి, పొలం దున్నే దిక్కు లేదు. ఆయన పంపింది, నేను మిగిల్చింది కొంగున కట్టుకొని పెబ్బేరు సంతకు ఒక్కదాన్నే పోయాను. అంత పెద్ద సంతలో ఎద్దులు కొనడానికి వచ్చిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఒక జత నచ్చింది. దళారి తొందర పెట్టాడు.

"పండ్లు చూసుకో వదినె, సుడి చూసుకో, మాట చెప్పు."

"ఈటికి మేత ఏసేదెవరు?"

"ఎవరేస్తే నీకేంది? ఎద్దును కొంటున్నవా, ఇంటోళ్ళను కొంటున్నవా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "పెండ్లి చూపులకు వచ్చిందిరా, కులం గోత్రం గూడ చెప్పుండ్రి!" అన్నాడు ఒకడు. నేను కదల్లేదు. మేత వేసే మనిషితో మాట్లాడనిదే కొంగు ముడి విప్పనన్నాను. అమ్మే పిల్లవాడు విసుక్కొని, "మా అవ్వ ఏస్తది, అగో, బండి కింద కూసున్నది" అన్నాడు. పోయి ఆమె పక్కన కూర్చున్నాను. ఎద్దులు పోతున్నాయని ఏడ్చి ఏడ్చి ఉన్నట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నేను అడగ్గానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇప్పటిదాక ఎవరు అడగలె బిడ్డా. వలపటది ఉరుముకు బెదురుతది. మబ్బు పట్టంగనే దాని మూపురం మీద చెయ్యేసి నిలవడు, ఇగ ఏం గాదు. దాపటది మంచిది, కాని ఆకలికి ఆగదు."

ఆ ఏడు మొదటి వానకే పొలంలో గొర్రు మీద ఉండగా మబ్బు పట్టింది. వెంటనే దిగిపోయి కుడి పక్కనున్న ఆ వలపటదాని మూపురం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఉరిమింది. చర్మం కింద దాని ఒళ్ళంతా అలలాగా వణికింది కానీ అడుగు కదల్లేదు. నేను ఆ మాట అడిగి ఉండకపోతే గొర్రు నా కాళ్ళ మీద నుంచే పోయేది. ఆ సేద్యం మీదే పిల్లలు పెరిగారు. ఆ రోజు సంతలో నవ్వినవాళ్ళ మధ్య నన్ను నిలబెట్టింది తాత మాటే. తల్లిదండ్రులు జన్మ ఇచ్చారు, బతకడం చేతిలో పెట్టింది మాత్రం ఆ గుడిసె వాకిలి.

తాతను చివరిసారి చూసినప్పుడు వెంకటేశు నా చంకలో ఉన్నాడు. పుట్టింటికి పోయినప్పుడు గుడిసె ముందు నులకమంచం మీద కూర్చొని ఉన్నాడు. రెండు కళ్ళకూ పొర కమ్మింది. ఎవరెవరో వచ్చి పోతున్నారు, ఉలిక్కిపడి ఎవరు, ఎవరు అంటున్నాడు. నేను దూరంగానే ఆగి, అమ్మ వింటుందేమో అని కూడా చూడకుండా, ఈల వేశాను. తాత మొహం నా వైపు తిరిగింది. ఈల వేయబోయాడు, పళ్ళు లేక గాలే వచ్చింది. "రా బిడ్డా, రా. నువ్వొక్కదానివి తెలిసిన దానివి" అన్నాడు. పిల్లవాడి పాదాలు తడిమి, "దీనికి మేత ఏసేది నువ్వే గద, మరి దీని గుణాలు చెప్పు" అని నవ్వాడు. తర్వాత మళ్ళీ పోయేసరికి గుడిసె లేదు.

వనపర్తిలో చదువుకుంటున్న నా మనవరాలు శ్రావణికి ఈ కథంతా చెబితే మొదట నమ్మలేదు. ఫోనులో ఏదో వెతికి, "అవ్వా, నిజమే. గసొంటి పటాలం ఉండెనట. గుర్రాలు ఇడిసిపెట్టి కొట్లాడనీకి పోయిండ్రట. మళ్ళ ఎక్కిండ్రు, మళ్ళ విడగొట్టిండ్రు, మనోళ్ళు వచ్చి కలిసిండ్రు" అంది. ఎర్ర ఆడగుర్రం సంగతి ఉందా అని అడిగాను. లేదంది. లేకపోతే ఏమైంది, నాకు చెప్పినవాడు దానికి మేత వేసిన మనిషి.

వెంకటేశుతో పంచాయితీ అయిన ఆ సాయంత్రం కొట్టంలో నుంచి బయటికి వచ్చి, మేత వేసేవాడికి దాచిపెట్టొద్దన్న తాత మాటే వాడితో అన్నాను.

"గా తెల్లోళ్ళ ముచ్చట ఇంక ఎన్నిసార్లు చెప్తవమ్మా?"

"నీ చెవుల పడేదాక."

"ఆయన వద్దని పోతే మళ్ళ ఎవరికి అమ్ముదుము? నీ మోకాళ్ళతోని ఇంక ఎన్నొద్దులు చొప్ప ఏస్తవు?"

అది కోపం కాదని నాకు తెలుసు. నా మోకాళ్ళను చూసే వాడు కన్ను సంగతి దాచాడు. తెలిసినా మెత్తబడలేదు. "ఏసినన్ని దినాలు ఏస్త. దాసిపెట్టి మాత్రం పంపను" అన్నాను. వాడు అన్నం తినకుండా పక్క పరుచుకున్నాడు. అన్నం పారేయలేను కాబట్టి నీళ్ళు పోసి పొద్దుటికి ఉంచాను.

తెల్లవారి వడ్డేపల్లి ఆయన కొత్త పలుపులు భుజాన వేసుకొని వచ్చాడు. నేను ఆయనకు చాయ ఇచ్చి, "ఈటికి మేత ఏసేదెవరు నాయనా?" అని అడిగాను. "నేనే అవ్వా, ఇంకెవరున్నరు" అన్నాడు. కొట్టంలోకి పిలుచుకుపోయి, మైలోడి కుడి కన్ను ముందు నా చెయ్యి ఊపి చూపించాను. ఆయన కూడా ఊపి చూశాడు. మంచి కన్ను ముందు కూడా ఊపి చూశాడు. వెంకటేశు తలవాకిట నిలబడి రోడ్డు దిక్కు చూస్తున్నాడు. ఎప్పుడూ దాపటే కట్టాలని చెప్పాను. మసక కన్ను పక్క నుంచి పోయేటప్పుడు ముందు చప్పుడు చేయాలని చెప్పి ఈల వేశాను. ఆయన నవ్వి, నోరు ముడిచి వేశాడు. రెండోసారికి వచ్చింది. మైలోడు చెవి తిప్పింది. "అనుకున్న రేటుకు జర తగ్గిస్తరా?" అని వెంకటేశును అడిగాడు. వాడు సరేనన్నాడు. ఆయన తన పలుపులు కట్టి, మావి విప్పి, నా రెండు చేతుల్లో పెట్టాడు.

ఎద్దులు మూల తిరిగే దాకా వెంకటేశు అట్లాగే నిలబడ్డాడు. తర్వాత చెప్పులు లేకుండా రోడ్డు మీదికి ఉరికాడు.

"అన్నా, జర ఆగు! పుల్లోడు తొట్లె నీళ్ళు తాగడు. బకెట్ల పోసి ముందర పెట్టాలె. దాహం అయినా అడగడు, నువ్వే చూసుకోవాలె!"

ఆ సంగతి నాకు కూడా తెలియదు. నేను పలుపులు కొట్టంలో మేకుకు తగిలించి, చీపురు తీసుకొని ఊడ్చాను. వెంకటేశు వచ్చి రాత్రి చద్దన్నం తిన్నాడు.